గోడ కింది నవాబు

నవాబు ఆ ఇంటికి వచ్చిన రోజున గుల్జార్ బీ అరచేతిలో సరిగ్గా పట్టింది. ఆమె భర్త ముక్తియార్ చెల్లెలి కొడుకు షకీల్ దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టి, బెంగళూరు నుంచి మదనపల్లె దాకా బస్సులో ఒళ్ళో ఉంచుకుని తెచ్చాడు. మూత తీస్తే గోధుమరంగు రాయి ముక్క ఒకటి కనిపించింది. కాసేపటికి ఆ రాయిలోంచి తల బయటికొచ్చింది.

"తాబేలా?" అంది గుల్జార్ బీ.

"ఆఫ్రికా తాబేలు, ముమానీ. నీళ్ళల్లో ఉండేది కాదు, నేల మీద తిరిగేది," అన్నాడు షకీల్. వాడు బెంగళూరులో ఏసీలు బిగించే పని చేస్తాడు. ముచ్చటపడి కొన్నాడు గానీ రూము ఓనరు ఒప్పుకోలేదు. "మీ కాడ ఉంచుకోండి. సద్దు చెయ్యదు, కరవదు. ఏమి పెట్టినా తింటాది."

"పెద్దయితే ఎంతవుతాది రా?" అని అడిగాడు ముక్తియార్.

"అన్నం తినే పళ్ళెమంత, మామూ. అంతకు మించదని షాపాయన చెప్పినాడు."

ముక్తియార్ వడ్రంగి. ఒకప్పుడు టమోటా మార్కెట్టుకు చెక్కపెట్టెలు కొట్టిచ్చేవాడు. ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాక ఆ పని పోయి, తలుపులూ కిటికీలూ మంచాలూ చేసుకుంటున్నాడు. పుంగనూరు రోడ్డులో ఊరి బయట రేకుల షెడ్డు, దాని వెనక కొంచెం ఖాళీ జాగా ఉన్నాయి. కొలతల మనిషి. ఏ పని ఒప్పుకోవాలన్నా ముందు టేపు తీసేవాడు. అలాంటివాడికి కూడా ఆ రోజు, ఇది నిజంగా ఎంతవుతుందని ఇంకొకరినెవరినైనా అడిగి చూద్దామని తోచలేదు.

వాళ్ళకు పిల్లలు లేరు. ఆ సంగతి గురించి మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. తాబేలు వచ్చాక మళ్ళీ ఇంట్లో ఎవరో ఒకరి గురించి మాటలు మొదలయ్యాయి. తిన్నాడా, పడుకున్నాడా, మంచం కింద దూరినాడా అని. నడక చూసి గుల్జార్ బీయే దానికి నవాబు అని పేరు పెట్టింది. దర్బారుకు పోయేవాడి మాదిరి ఎవరి కోసమూ తొందరపడడు అని నవ్వేది.

ముక్తియార్ మార్కెట్టు వైపు పోయినప్పుడల్లా పాత స్నేహితులు కొంచెం నలిగిన టమోటాలు సంచి నిండా ఇచ్చేవాళ్ళు. అవన్నీ నవాబుకే. గుల్జార్ బీ రొట్టె తుంచి పాలల్లో నానబెట్టి పెట్టేది. అన్నం మెతుకులు పెట్టేది. రంజాను నెలలో ఖీరు కూడా రుచి చూపించింది. అది కాదనకుండా తినేది, తిని పెరిగేది. పెరిగేకొద్దీ వీపు మీద డొప్ప నున్నగా కాకుండా గుట్టలు గుట్టలుగా లేచింది.

"హార్స్‌లీ కొండల మాదిరి ఉండాది సూడు," అని ముక్తియార్ వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

పళ్ళెమంత అయింది. తర్వాత బట్టలు నానబెట్టే టబ్బంత అయింది. ఎనిమిదో ఏడు వచ్చేసరికి దాన్ని ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. వంటింట్లోకి వస్తే గ్యాసు సిలిండరును నెట్టుకుంటూ పోయేది. తలుపు మూస్తే తలుపును గీకేది. ముక్తియార్ తలుపు కింద రేకు కొట్టాడు. ఆఖరికి పెరట్లోనే ఉంచేశారు.

ఆ పెరటికీ పక్కింటికీ మధ్య ఒక పాత గోడ ఉంది. ఇటికల్ని మట్టితో పేర్చి కట్టింది, పైపైన సున్నం పూసింది. అవతల మునిలక్ష్మి ఉంటుంది. భర్త లారీ డ్రైవరు, ఇంటికి వచ్చేది తక్కువ. ఆమె ఇంటి ముందు ఇడ్లీలు వేసి అమ్ముతుంది. గుల్జార్ బీకి చెల్లెలి లాంటిది. పండగలకు అటు పళ్ళేలు ఇటు, ఇటు పళ్ళేలు అటు పోతూ ఉండేవి.

చలికాలం మొదలవుతుండగా నవాబు గోడ మొదట్లో తవ్వడం మొదలుపెట్టింది. ముందుకాళ్ళతో మన్ను తోసి, ఒళ్ళు సగం లోపల పెట్టి, మళ్ళీ తోసేది. "ఇల్లు కట్టుకుంటాండాడు," అని గుల్జార్ బీ సంబరపడింది. వాన నీళ్ళు పోకుండా ముక్తియార్ ఆ గొయ్యి మీద ఒక చెక్క కూడా వాలుగా పెట్టాడు. లోపలికి ఎంత దూరం పోయిందో చూడలేదు. చెయ్యి పెడితే అందలేదు, అంతే.

ఒకనాడు మునిలక్ష్మి గోడ మీంచి తల పెట్టి, "ముక్తియారన్నా, మా పక్క నేల గుల్లగా ఉన్నట్టుండాది. కాలు పెడితే దిగబడతాండాది," అంది.

"పందికొక్కులుంటాయిలేమ్మా. మందు పెడతాను," అన్నాడు.

ఆ వారమే తుఫాను పట్టింది. ముసురు వదలకుండా కురిసింది. వాన తెరిపిచ్చిన పొద్దున మునిలక్ష్మి గోడ పక్కన కూచుని ఇడ్లీ రేకులు తోముకుంటోంది. ముక్తియార్ ఇంట్లో టీ తాగుతున్నాడు. బస్తా జారి పడినట్టు మెత్తగా చప్పుడైంది. ఆ తర్వాత మునిలక్ష్మి కేక.

ఇద్దరూ పెరట్లోకి పరిగెత్తారు. గోడ సగం లేదు. అవతల మునిలక్ష్మి నడుం దాకా మట్టిలో, ఇటికల కింద ఉంది. ముక్తియార్ చేతులతోనే ఇటికలు లాగాడు. గుల్జార్ బీ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. కుడి కాలు మోకాలి కింద వంకర తిరిగి ఉంది. వీధిలోవాళ్ళు ఆటో పిలిచారు. పెద్దాస్పత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక రెండు చోట్ల విరిగిందనీ, రాడ్డు వెయ్యాలనీ చెప్పారు.

సాయంత్రమైంది. మునిలక్ష్మి అక్క వచ్చి పక్కన కూచున్నాక గానీ ఇద్దరూ ఇంటికి బయలుదేరలేదు. అంతసేపట్లో గుల్జార్ బీ నవాబు పేరు ఎత్తలేదు. ముక్తియారూ ఎత్తలేదు. ఇంట్లోకి రాగానే ఆమె నేరుగా పెరట్లోకి పోయి, కొంగు దోపుకుని, మట్టి తియ్యడం మొదలుపెట్టింది. అతను గడ్డపార తెచ్చాడు. తవ్వుతూ పోతే ఆ బిలం గోడ కిందనుంచి అవతలి ఇంటి నేల కిందికి, మనిషి పడుకుంటే సరిపోయేంత దూరం పోయింది. ఆ చివర బురదలో నవాబు డొప్ప తగిలింది.

చచ్చిపోయిందనుకున్నారు. గుల్జార్ బీ చెంబుతో నీళ్ళు పోసి మొహం కడిగింది. కాసేపటికి నవాబు కళ్ళు తెరిచింది.

ముక్తియార్‌కు గుండె తేలికైంది. వెంటనే ఆస్పత్రిలో ఆ వంకర తిరిగిన కాలు గుర్తొచ్చి, ఆ తేలికైనందుకు సిగ్గేసింది. భార్య మొహంలోకి చూడలేక గడ్డపార కడిగే నెపంతో కొళాయి దగ్గరికి పోయాడు.

మర్నాడు మునిలక్ష్మిని చూడబోయాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నేల గుల్లగా ఉండాదని చెప్పినాను గదన్నా," అంది.

"చెప్పినావమ్మా."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. అతను తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

వీధిలో పెద్దన్న అని ఒకాయన ఉన్నాడు. ఏ గొడవైనా నలుగురినీ కూచోబెట్టి మాట్లాడేది ఆయనే. ఆయన వచ్చి మంచిగానే చెప్పాడు. "ముక్తియారూ, ఈ రోజు కాలు. రేపు ఏ చిన్నబిడ్డో ఆ గుంతలో పడితే? మీ ముచ్చట మీది, కాదనను. దాన్ని ఈ వీధిలో మాత్రం ఉంచొద్దు."

ముక్తియార్ షకీల్‌కు ఫోన్ చేశాడు. "అడివిలో విడిచెయ్ మామూ," అన్నాడు వాడు. "అడివి జంతువే గదా. దాని బతుకు అది బతుకుతాది."

మునిలక్ష్మి ఇడ్లీల వ్యాపారం నిలిచిపోతే ఇల్లు గడవదని గుల్జార్ బీ ఆ పని తన మీద వేసుకుంది. పిండి రుబ్బడం తెలుసు గానీ అంత పెద్ద మోతాదులో ఎప్పుడూ చెయ్యలేదు. మొదటి రోజు ఇడ్లీలు గట్టిగా వచ్చాయి. అలవాటుగా వచ్చేవాళ్ళు సాంబారు జాస్తిగా పోయించుకుని మాటాడకుండా తినిపోయారు.

ఆ మధ్యాహ్నం ఆమె మొగుడితో, "యాడన్నా మంచి తావు సూసి విడువు. నేను రాను," అంది.

ముక్తియార్‌కు ఒకే ఒక్కడు గుర్తొచ్చాడు. కుప్పం దగ్గర రామకుప్పం వైపు పల్లెలో చెంగల్రాయుడనే రైతు. కొన్నేళ్ళ కింద ఆయన ఇంటికి తలుపులన్నీ ముక్తియారే చేశాడు. అక్కడే నెల రోజులు తిని, పడుకుని, మనిషికి దగ్గరయ్యాడు. ఆయన పొలం దాటితే అడివే.

తెలిసినవాడి ట్రాలీ ఆటో మాట్లాడి, పొద్దున్నే నవాబును గోనెపట్టాల మీద ఎక్కించాడు. గుల్జార్ బీ బయటికి రాలేదు. ఆటోలో చూస్తే టమోటాల సంచీ, రొట్టెల మూటా పెట్టి ఉన్నాయి. పుంగనూరు దాటి, పలమనేరు దాటి, వి.కోట మీదుగా రామకుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడుగునా నవాబు తల డొప్పలో నుంచి బయట పెట్టలేదు.

చెంగల్రాయుడు పొలంలోనే ఉన్నాడు. రాగిచేను ఒక పక్క చాప పరిచినట్టు నేలకు అణిగిపోయి ఉంది. ఏనుగుల అడుగులు ఒక్కొక్కటీ తట్టంత ఉన్నాయి, వాటిల్లో వాన నీళ్ళు నిలిచాయి.

"మొన్న వచ్చినాయి," అన్నాడు ఆయన. "రెండు నెలల కష్టం ఒక పూటలో తొక్కేసినాయి. సరే, ఏమిటికి వచ్చినావు చెప్పు."

ముక్తియార్ జరిగిందంతా చెప్పాడు. చెప్పేటప్పుడు ఏదీ దాచలేదు. పందికొక్కులని తాను అన్న మాట కూడా చెప్పాడు. "ఆ అడివి అంచున విడుస్తామన్నా. నీకు తెలిసిన తావు సూపించు," అన్నాడు.

ఇద్దరూ డ్రైవరూ కలిసి నవాబును కిందికి దించారు. ఎదురుగా ముళ్ళపొదలూ, బండరాళ్ళూ, వాటి వెనక అడివీ. నవాబు తల బయటపెట్టి చాలాసేపు చూసింది. ఆ తర్వాత అడివికి వీపు పెట్టి, మెల్లగా నడిచి, ఆటో కింద నీడలోకి పోయి కూచుంది.

చెంగల్రాయుడు వంగి ఆటో కిందికి చూశాడు. "అప్పా, ఒక మాట చెప్తాను, కోపం చేసుకోవద్దు," అన్నాడు. "ఆ ఏనుగులు నా చేను తొక్కినా వాటి మీద నాకు పూర్తిగా కోపం రాదు. వాటి అడివి అది, వాటి దావ ఇది. మా నాయనప్పటినుంచీ వాటితో అగసాట్లు పడతానే ఉండాము. దీని సంగతి అట్ల గాదు. దీనికి ఈ అడివి తెలీదు. ఈ అడివికి ఇది తెలీదు. ఆకలైతే యాడికి పోతాది? నా చేలోకే వస్తాది. నేను కొట్టను, పక్కోడు కొడతాడు. లేకుంటే ఏ గట్టు కిందనో తవ్వి ఇంకొకరి కాలు ఇరగ్గొడతాది."

ముక్తియార్ కూడా వంగి ఆటో కింద ఉన్న నవాబును చూశాడు.

"నా బిడ్డ శాలిని పుంగనూరులో పశువుల డాక్టరు. దానికి ఫోన్ చేస్తాను, అడుగు," అని ఆయన ఫోన్ కలిపి చేతికిచ్చాడు.

శాలిని అంతా విని, "అంకుల్, దయచేసి విడవొద్దు," అంది. "ఆ రాళ్ళల్లో మన నక్షత్ర తాబేళ్ళు ఉండాయి. చిన్నవి, అప్పుడప్పుడూ నాయనకు కనిపిస్తా ఉంటాయి. మీది ఎనిమిదేండ్లు మనుషుల మధ్య పెరిగింది. దాని ఒంట్లో ఏదన్నా రోగముంటే దానికి ఏమీ కాకపోవచ్చు, అది అంటుకుంటే ఇవి మాత్రం చచ్చిపోతాయి. అదీగాక ఇట్ల విడవడం నేరం. తిరుగుదావలో నా కాడికి తీసుకురండి, సూస్తాను."

పుంగనూరు పశువుల ఆస్పత్రికి చేరేసరికి పొద్దు వాలింది. వరండాలో ఒకాయన పొట్టి ఆవును పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవు నవాబును చూసి బెదిరి వెనక్కి లాగింది. శాలిని ఆవు పని ముగించి వచ్చి నేల మీద కూచుంది. నవాబు కాళ్ళు ఒక్కొక్కటే లాగి చూసింది. డొప్ప మీద గుట్టల్ని వేళ్ళతో తడిమింది. వెనక కాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగింది.

"నేను చదివింది ఆవులూ గొర్రెలూ, అంకుల్. మీరు ఫోన్ చేసినప్పటినుంచీ మా కాలేజీ సార్‌ను అడుగుతా, చదువుతా ఉండాను. ఏమి పెడతా ఉండారు దీనికి?"

ముక్తియార్ కొంచెం గర్వంగానే చెప్పాడు. టమోటాలు, పాలల్లో నానేసిన రొట్టె, అన్నం, పండగైతే ఖీరు.

ఆమె చెయ్యి మళ్ళీ డొప్ప మీదికి పోయింది. "ఈ గుట్టలు దీనికి పుట్టుకతో రావాల్సినవి కావు అంకుల్," అంది మెల్లగా. "డొప్ప నున్నగా ఉండాల. చిన్నప్పుడు తిండి సరిగా లేక, ఎండ చాలక ఇట్లయింది. వెనక కాళ్ళు కూడా బలంగా లేవు. ఇది గడ్డి తినే జీవి. ఎండుగడ్డి, పచ్చిగడ్డి, మల్బరీ ఆకు. అంతే. పాలు, రొట్టె, అన్నం వద్దు. టమోటా అసలే వద్దు."

"ఈ గుట్టలు పోతాయా అమ్మా?"

"పోవు. ఇంక జాస్తి కాకుండా సూసుకోవచ్చు."

"గోడ కింద యాల తవ్వింది?"

"దాని దేశంలో పగలు మండే ఎండ, రాత్రి చలి. నేలలోకి పోతేనే బతుకుతాది. మన మదనపల్లె చలికి తట్టుకోలేక తవ్వినట్టుంది. దాని తప్పేమీ లేదు."

ముక్తియార్ తల దించుకున్నాడు. ఎనిమిదేళ్ళు దాని మీద గోనెపట్టా కప్పి, చలికి ఇది చాలనుకున్నాడు.

"ఇంకొకటి," అంది శాలిని. "దీన్ని తాకితే సబ్బుతో చేతులు కడగాల. వీటి ఒంటి మీద ఉండే క్రిములు కడుపులోకి పోతే మనుషులకు వాంతులు, బేదులు, జ్వరం. చిన్నబిడ్డలకైతే ప్రాణం మీదికి కూడా రావచ్చు."

ముక్తియార్ చప్పున ఫోన్ తీశాడు. నవాబుకు తినిపించిన చేతులతోనే గుల్జార్ బీ వీధి మొత్తానికీ ఇడ్లీపిండి కలుపుతోంది. ఫోన్లో ఆమె, "ఏమైంది, విడిచేసినావా?" అంది. "లేదు, తీసుకొస్తాండాను. నువ్వు ముందు పిండి పారబోసి, గిన్నెలన్నీ వేడినీళ్ళతో కడుగు. వచ్చి చెప్తాను," అన్నాడు.

కదిలే ముందు అతను శాలినిని ఇంకొక్క మాట అడిగాడు. "ఇది ఎంత కాలం బతుకుతాదమ్మా?"

"బాగా సూసుకుంటే డెబ్బై, ఎనభై ఏండ్లు. అంతకన్నా జాస్తి కూడా."

అతనికి యాభై నాలుగు. ఆ లెక్క వెయ్యడానికి టేపు అక్కర్లేదు.

"ఎవరన్నా తీసుకునేవాళ్ళు ఉండారా?"

"ఇట్లాటివాటిని సూసుకునే చోట్లు ఒకటీ రెండు ఉండాయి. అడిగినాను. ఇట్ల ముచ్చటపడి కొని, పెద్దయినాక వదిలించుకునేవాళ్ళతో నిండిపోయి ఉండాయంట. ఖాళీ ఉంటే చెప్తామన్నారు. మీరు అటవీ శాఖకు కూడా మీ కాడ ఇది ఉండాదని చెప్పుకోవాల. అది నేను చేయిస్తాను. అంతవరకూ మీరే అంకుల్."

ఇంటికి వచ్చి ఆ తిండి సంగతి భార్యకు చెప్పడం అతనికి కష్టమైంది. చెప్పకుండా ఊరికే మల్బరీ ఆకు తెచ్చి వేస్తే సరిపోతుందేమో అనుకున్నాడు. అయితే పాలు పొయ్యి మీద పెట్టి, రొట్టె తుంచడానికి కూచున్న ఆమెను చూసి ఇక ఆగలేకపోయాడు. శాలిని చెప్పిందంతా చెప్పాడు.

గుల్జార్ బీ చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. "ఆ కొండలు నేను చేసినవా?" అంది.

"మనం చేసినవి. టమోటాలు తెచ్చింది నేను గదా."

"నొప్పి ఉంటాదంటనా?"

"అడగలేదు," అన్నాడు. అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఆమె ఏడవలేదు. పొయ్యి ఆపి, పాలు దించి, పెరట్లోకి పోయి నవాబు పక్కన చాలాసేపు కూచుంది. మర్నాడు కొడవలి తీసుకుని వాగు వైపు పోయి, ఒక మోపు గడ్డి కోసి తెచ్చింది. అంత ప్రేమగా పెట్టిన పాలరొట్టె అలవాటైన నవాబు ఆ గడ్డి వైపు చూడలేదు. కొన్నాళ్ళు అలిగింది. ఆమె రోజూ పాత గడ్డి తీసి కొత్తది వేసేది. ఒకరోజు నవాబు మల్బరీ ఆకు కొస కొరికింది. ఆ రోజు ఆమె షెడ్డుకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

పడిపోయిన గోడ ముందు కట్టాలి. ఆ విషయంలో ముక్తియార్‌కు రెండో ఆలోచన లేదు. మునిలక్ష్మి ఇంటి కింద బిలాన్ని రాళ్ళతో, కాంక్రీటుతో నింపించాడు. కొత్త గోడకు పునాది నడుంలోతు తీయించాడు. నవాబును ఊరి బయట తన షెడ్డు వెనక జాగాలోకి మార్చాలని నిర్ణయించుకుని, అంతవరకూ ఓర్చుకోమని పెద్దన్నను అడిగాడు. అక్కడ ఎవరి గోడా లేదు. ఎండ పొద్దంతా ఉంటుంది. అయితే ఆ జాగా చుట్టూ నేలలోకి లోతుగా ఏదైనా దించకపోతే అది కిందనుంచి తవ్వి రోడ్డు మీదికి వస్తుంది.

చెంగల్రాయుడు ఆ మాట విని శాంతిపురం గ్రానైటు క్వారీలో పనిచేసే తన తమ్ముడికి చెప్పాడు. అంచులు విరిగి పనికిరాని బండలు లారీ మీద వచ్చాయి. అవి దిగిన రోజు ముక్తియార్ షకీల్‌ను రమ్మన్నాడు. "పనుందిరా. లీవు పెట్టి రా," అన్నాడు. ఏం పని అని వాడు అడిగితే, "వచ్చినాక సూస్తువు," అన్నాడు.

షకీల్ వచ్చాడు. కాలువ తవ్వాడు. ఏసీలు మోసే చేతులకు కూడా గడ్డపార పట్టేసరికి బొబ్బలు లేచాయి. బండలు నిలువుగా దించి, మన్ను కొట్టి, పైన మోకాలెత్తు వదిలారు. ముక్తియార్ మూలన చెక్కతో, రెండు పొరల గోడలు పెట్టి, లోపల వెచ్చదనానికి లైటు బిగించి గూడు చేశాడు. తన చేతి పనిలో అంత జాగ్రత్తగా పెళ్ళి మంచాలు కూడా చెయ్యలేదు.

పని అయిన సాయంత్రం ముగ్గురూ బండల మీద కూచున్నారు.

"షకీల్, నాకు యాభై నాలుగు," అన్నాడు ముక్తియార్. "దీనికి ఎనిమిది. మా తర్వాత దీని సంగతేంది?"

షకీల్ అరచేతుల్లో బొబ్బల్ని చూసుకున్నాడు.

"నువ్వు తెచ్చినావని తప్పు పట్టేదానికి అడగలా," అంది గుల్జార్ బీ. "మేమూ ఒక మాట అడక్కుండానే తీసుకున్నాము. ఎవరో ఒకరు ఉండాల గదా. అది మేము పోయినాక తేలేది గాదు."

"ముమానీ, పెళ్ళి కాలేదు. రేపు యాడుంటానో నాకే తెలీదు," అన్నాడు షకీల్ చివరికి. "సూసుకుంటానని ఇప్పుడు చెప్తే అబద్ధమవుతాది. నెలనెలా వస్తాను. పని నేర్చుకుంటాను. ఇట్లాటివాటిని సూసుకునే సెంటర్లో ఖాళీ వస్తాదేమో నేనే అడుగుతా ఉంటాను. ఈ రోజుకు అంత వరకే చెప్పగలను."

"అబద్ధం చెప్పలేదు, అదే చాలు," అన్నాడు ముక్తియార్.

వాడు నిజంగానే నెలనెలా వచ్చాడు. ఒక నెల రాలేకపోతే ఫోన్ చేసి, ఆ పైనెల రెండు రోజులు ఉండిపోయాడు. రూములో ఒక స్నేహితుడు ఇలాంటిదే కొంటానంటే, కొనే ముందు ఒకసారి మదనపల్లెకు రమ్మని పట్టుబట్టి తీసుకొచ్చాడు. ఆ పిల్లవాడు నవాబును చూసి, బండల్ని చూసి, గడ్డిమోపును చూసి, టీ తాగి, కొననని చెప్పకుండానే వెళ్ళిపోయాడు. కొనలేదని మాత్రం తర్వాత తెలిసింది.

మునిలక్ష్మి కాలు కట్టు విప్పాక చేతికర్రతో నడవడం మొదలుపెట్టింది. ఇడ్లీ పని మెల్లగా తన చేతికి తీసుకుంది. గుల్జార్ బీని పక్కనే పెట్టుకుంది. మాటలు మునుపటిలా లేవు గానీ ఉన్నాయి. ముక్తియార్‌తో మాత్రం అవసరమైనంతే మాట్లాడేది. అతనూ ఎక్కువ ఆశించలేదు.

ఉగాది దాటిన తర్వాత ఒకరోజు గుల్జార్ బీ షెడ్డుకు పోతుంటే, "నేనూ వస్తానక్కా," అంది మునిలక్ష్మి. ఆటోలో ఇద్దరూ వచ్చారు. ముక్తియార్ రంపం పక్కన పెట్టి లేచాడు. మునిలక్ష్మి కర్ర ఊతంతో వెనక జాగాలోకి నడిచి, బండ మీద చెయ్యి ఆనించి నిలబడింది. నవాబు ఎండలో మల్బరీ రెమ్మ తొక్కిపట్టి ఆకులు ఒలుచుకు తింటోంది.

"నా కాలు ఇరగ్గొట్టింది వీడేనా?" అంది.

"వాడు గాదమ్మా. నేను," అన్నాడు ముక్తియార్. "నువ్వు చెప్పినప్పుడు వచ్చి సూసింటే సరిపోయేది."

ఆమె చాలాసేపు నవాబునే చూసింది. దాని వీపు మీద గుట్టల్నీ, ఈడ్చుకుంటూ నడిచే వెనక కాళ్ళనీ చూసింది.

"వీడికీ కాళ్ళు బాగలేనట్టుండాది."

"బాగలేవు. మేము పెట్టిన తిండి వల్ల."

మునిలక్ష్మి నిట్టూర్చి, ముక్తియార్ తెచ్చి వేసిన స్టూలు మీద కూచుని, విరిగిన కాలు ముందుకు చాచుకుంది. "రెండాకులు ఇట్లియ్ అక్కా," అంది. గుల్జార్ బీ ఇచ్చింది. మునిలక్ష్మి వాటిని బండ మీంచి లోపలికి వేసింది. నవాబు తల ఎత్తి, ఎవరి కోసమూ తొందరపడకుండా, అటువైపు నడవడం మొదలుపెట్టింది.

"ఎండ బాగా ఉండాది. పోయేటప్పుడు ఆటో పిలువన్నా," అంది మునిలక్ష్మి.

"పిలుస్తానమ్మా," అని ముక్తియార్ మళ్ళీ రంపం అందుకున్నాడు.